ప్లాట్‌ఫారం చివరిదాకా

రేపల్లె నుంచి వచ్చిన పాసింజరు తెనాలిలో ఆగింది. జనమంతా బిలబిలమంటూ దిగి వెళ్లిపోయారు. మాస్టారు మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి మెల్లగా దిగారు. సంచీ భుజానికి తగిలించుకుని వంతెన మెట్లెక్కడం మొదలుపెట్టారు. సగం ఎక్కారో లేదో ఎడమకాలి పిక్క పట్టేసింది. పిండిని పిసికినట్టు ఎవరో లోపలి నుంచి పిసుకుతున్న నొప్పి. కమ్మీ పట్టుకుని నిలబడి, కింద పట్టాల వంక చూస్తున్నట్టు నటించారు. రెండు నిమిషాలు గడిచేసరికి నొప్పి మాయం! మళ్లీ నడక. స్టేషను దాటి కాస్త దూరం వెళ్లగానే మళ్లీ అదే నొప్పి. ఈసారి గోడమీద సినిమా పోస్టరు ముందు ఆగారు.

"ఏంటి మాస్టారూ, పోస్టర్లు చూస్తున్నారు? సినిమాకి వెళ్దామా?" అటుగా వెళ్తున్న పాత శిష్యుడెవరో బండి ఆపి నవ్వాడు. మాస్టారూ నవ్వేశారు. కాలు నొప్పి అని చెబితే బండెక్కించుకుంటాడు. ఆ మాటే చెప్పడం ఆయనకు ఇష్టం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు సీజన్ టికెట్టు మీద తిరిగి, బడి గంట కొట్టకముందే తరగతిలో ఉన్న మనిషి. రైలు దిగి మైలు దూరం ఒక్క ఊపులో నడిచిన మనిషి. రెండు వందల గజాలు నడవలేకపోతున్నానని శిష్యుడితో ఎలా చెబుతారు?

వాతమా... సయాటికానా?

ఆ నొప్పి మొదటిసారి వచ్చింది 2022 ఏప్రిల్‌లో. జిల్లాలు విడిపోయి రేపల్లె బాపట్ల జిల్లాలోకి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయిన రోజులవి. "ఊరి సరిహద్దులే కాదు, నా నడక సరిహద్దులూ మారిపోయాయి" అని మాస్టారు తర్వాత చెప్పుకున్నారు. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. బీపీ ఉంది. షుగరు లేదు. సిగరెట్లు మాత్రం నలభై ఏళ్లుగా ఉన్నాయి... రైలెక్కే ముందొకటి, దిగాక ఒకటి, బళ్లో విరామంలో గోడ వెనకాల ఒకటి.

చూసినవాళ్లు తలో మాటా చెప్పారు. "వయసు మీద పడితే కాళ్లు పీకవూ?" అన్నారు పక్కింటివాళ్లు. వాతమన్నారొకరు. నడుములో నరం నొక్కుకుపోయింది, సయాటికా అన్నారు ఇంకొకరు. నడుముకి ఎక్స్‌రే తీశారు. స్కానింగు తీశారు. ఆ వయసులో ఎవరికి తీసినా వెన్నుపూసల్లో ఏదో ఒక అరుగుదల కనిపిస్తుంది. ఆయనకూ కనిపించింది. ఇంకేం! బెల్టు ఇచ్చారు, నొప్పి బిళ్లలు ఇచ్చారు. భార్య రోజూ రాత్రి వేన్నీళ్లతో కాపడం పెట్టింది. ఒక స్నేహితుడు బిగుతు మేజోళ్లు కొనిపెట్టాడు. రెండేళ్లు అలా గడిచాయి. నొప్పి తగ్గలేదు. నడక తగ్గింది.

విచిత్రం ఏంటంటే, ఆ రెండేళ్లలో మాస్టారి నడుమును చూసినవాళ్లున్నారు, మోకాలు వంచి చూసినవాళ్లున్నారు. మేజోడు తీయించి పాదం పట్టుకుని చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

బావమరిది కాలు

మాస్టారి బావమరిది బాపట్లలో కిరాణా కొట్టు నడుపుతాడు. పద్నాలుగేళ్లుగా షుగరు. 2023 కార్తీక మాసంలో ఇంటిల్లిపాదీ సూర్యలంకలో సముద్ర స్నానానికి వెళ్లారు. ఇసుకలో చెప్పుల్లేకుండా నడుస్తుంటే కుడికాలి వేలికి ఆల్చిప్ప గీరుకుంది. గీరుకున్నట్టు ఆయనకు తెలియనే లేదు. ఇంటికొచ్చాక చాప మీద నెత్తురు చూసి భార్య కేకేస్తేగానీ!

చిన్న గాయమే కదా అనుకున్నారు. పసుపు పెట్టారు. తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించారు. వారం, రెండు వారాలు, మూడు వారాలు. వేలు నల్లబడింది. "షుగరున్నవాళ్లకి పుండు మానడం ఆలస్యమవుతుంది" అన్నారంతా. అది నిజమే. కానీ సగం నిజం. పుండు మానాలంటే అక్కడికి నెత్తురు చేరాలి. ఆ కాలికి నెత్తురు చేరుతోందా అని ఎవరూ చూడలేదు. 2024 జనవరిలో గుంటూరులోని ఒక ఆస్పత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

తొమ్మిది రోజులు ఆయన మంచం పక్కన ఉన్నది మాస్టారే. వార్డు నుంచి క్యాంటీనుకి వెళ్లే దారిలో ఆయన రోజూ రెండుసార్లు ఆగేవారు. గోడకి తగిలించిన బోర్డులన్నీ చదివేవారు. పిక్కను చేత్తో రుద్దుకునేవారు. మళ్లీ వార్డులోకి వచ్చి నవ్వుతూ కూర్చునేవారు. కాలు పోయిన మనిషి ముందు తన కాలి నొప్పి ఏం చెబుతారు? ఇద్దరిదీ ఒకటే జబ్బని అప్పటికి ఆయనకు తెలియదు.

ఉగాది నాటి దణ్ణం

ఆ ఏడాది ఏప్రిల్ 9న ఉగాది. కూతురి కూతురు సెలవుకి వచ్చింది. గుంటూరులో బీఎస్సీ నర్సింగు చదువుతోంది. ఉగాది పచ్చడి తిన్నాక తాతయ్య కాళ్లకు దణ్ణం పెట్టింది. పెట్టి లేవలేదు. మళ్లీ వంగింది. రెండు చేతులతో రెండు పాదాలూ పట్టుకుంది.

"తాతయ్యా, ఎడమకాలు ఇంత చల్లగా ఉందేంటి?"

"ఇప్పుడే కడుక్కొచ్చాను కదమ్మా."

"రెండూ కడుక్కున్నావు కదా! కుడిది వెచ్చగానే ఉంది."

పిల్ల అక్కడే కూలబడింది. పాదం పైభాగాన వేళ్లు ఆనించింది. లోపలి చీలమండ వెనకాల వెతికింది. కుడికాలిలో నాడి తగిలింది. ఎడమకాలిలో ఎంత వెతికినా దొరకలేదు. చర్మం నున్నగా మెరుస్తోంది. పిక్క దగ్గర్నుంచి కింద వెంట్రుకలు రాలిపోయాయి. బొటనవేలి గోరు మందంగా, పసుప్పచ్చగా ఉంది.

మాస్టారి పాదాలకు జీవితంలో దణ్ణం పెట్టినవాళ్లు వందలమంది. గురుపూజోత్సవానికి ఏటా వరసకట్టేవారు. ఆ పాదం చల్లగా ఉందని చెప్పింది మాత్రం ఈ పిల్లే.

84 బై 140

మూడో రోజున మనవరాలే దగ్గరుండి తెనాలిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన వేసిన మొదటి ప్రశ్న: "నొప్పి వచ్చినప్పుడు తగ్గడానికి కూర్చోవాలా? నిలబడితే చాలా?"

"నిలబడితే చాలండీ. రెండు మూడు నిమిషాల్లో పోతుంది."

"మళ్లీ నడిస్తే అంతే దూరానికి వస్తుందా?"

"కొలిచినట్టు!"

నడుములో నరం నొక్కుకుంటే వచ్చే నొప్పి సాధారణంగా నిలబడితే తగ్గదు. కూర్చోవాలి, లేదా ముందుకి వంగాలి. నెత్తురు చాలక వచ్చే నొప్పి అలా కాదు. నడిచే కండరానికి ఎక్కువ నెత్తురు కావాలి. నాళం ఇరుకైతే అది అందదు. కండరం నొప్పితో మొరపెట్టుకుంటుంది. ఆగితే అవసరం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. అందుకే చదును నేల మీద కన్నా వంతెన మెట్ల మీద తొందరగా పట్టేస్తుంది. డాక్టర్లు దీన్ని క్లాడికేషన్ అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు కుంటడమని అర్థం. జర్మన్లయితే 'దుకాణం అద్దాల జబ్బు' అంటారు. నొప్పి వచ్చినప్పుడల్లా దుకాణంలో వస్తువులు చూస్తున్నట్టు నిలబడతారు కాబట్టి. "అయితే నాది సినిమా పోస్టర్ల జబ్బన్నమాట" అన్నారు మాస్టారు. రెండేళ్లలో ఆ నటన సంగతి బయటపెట్టడం అదే మొదటిసారి.

తర్వాత పరీక్ష. సూది లేదు, కోత లేదు. కాసేపు వెల్లకిలా పడుకోబెట్టారు. మామూలు బీపీ పట్టీనే చేతులకి, చీలమండలకి చుట్టారు. పెన్సిలంత డాప్లర్ పరికరానికి జెల్ రాసి పాదం మీద పెడితే నెత్తురు పారే చప్పుడు వినిపిస్తుంది. కుడికాలిలో రైలింజను లాగా లయగా వినిపించింది. ఎడమకాలిలో నీళ్లు రాని కొళాయి బుసకొట్టినట్టు ఉంది. చేతి పీడనం 140. కుడి చీలమండలోనూ 140. ఎడమ చీలమండలో 84.

"చీలమండ అంకెని చేతి అంకెతో భాగించాలి మాస్టారూ. లెక్క మీరే చేయండి."

లెక్కల మాస్టారికి అదెంత పని! "పాయింట్ ఆరు. అంటే నూటికి అరవై. ఫస్టు క్లాసే కదండీ?"

"ఈ పరీక్షలో తొంభై దాటితేనే పాసు."

ఆ భాగాహారానికే ఏబీఐ అని పేరు. 1.0 నుంచి 1.4 మధ్య ఉంటే మామూలు. 0.9 లేదా అంతకన్నా తక్కువైతే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు. 0.4 కన్నా తగ్గితే పరిస్థితి తీవ్రం. 1.4 దాటినా మంచిది కాదు. షుగరు ఎక్కువకాలం ఉన్నవాళ్లలో ధమనులు సున్నం పట్టి గట్టిపడతాయి. పట్టీ ఎంత బిగించినా అణగవు. అప్పుడు అంకె దొంగలెక్క చెబుతుంది. అలాంటివాళ్లకి కాలి బొటనవేలి దగ్గర పీడనం కొలుస్తారు.

ఎందుకు తెలియడం లేదు?

గుండె ధమనుల్లో కొవ్వు పేరుకుంటే ఏమవుతుందో ఇప్పుడు పల్లెటూళ్లలోనూ తెలుసు. స్టెంటు అనే మాట తెలియని ఇల్లు లేదు. అదే కొవ్వు కాలి ధమనుల్లో పేరుకుంటుందని చాలామందికి తెలియదు. ప్రపంచంలో ఈ జబ్బున్నవాళ్లు 2010 నాటికే 20 కోట్లు దాటారని అంచనా. అందులో ఇంచుమించు 70 శాతం మంది మనలాంటి పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. చెన్నైలో చేసిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. పెద్దవాళ్లలో నూటికి 3.2 మందికి, షుగరున్నవాళ్లలో నూటికి 6.3 మందికి ఈ జబ్బు ఉన్నట్టు అందులో తేలింది. ఇక భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో చెప్పిన ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లమంది.

అంతమందిలో ఉన్నా కనబడకపోవడానికి కారణాలున్నాయి. జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి మాస్టారికి వచ్చినట్టు పిక్క నొప్పి రాదు. కొందరికి కాళ్లు బరువెక్కినట్టు ఉంటుంది. కొందరికి ఏమీ ఉండదు. మరికొందరు నొప్పి రాకుండా నడకే మానేస్తారు... అరుగు దాటని మనిషికి పిక్క ఎందుకు పడుతుంది! షుగరుతో నరాలు మొద్దుబారినవాళ్లకి నొప్పి ఉన్నా తెలియదు. బాపట్ల బావమరిదికి జరిగింది అదే.

ఇది కాలితో పోయే జబ్బూ కాదు. కాలి ధమని పూడుకుందంటే గుండెకీ మెదడుకీ వెళ్లే ధమనులు బాగున్నాయన్న భరోసా లేదు. ఈ జబ్బున్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం ముప్పు బాగా ఎక్కువ. అన్నిటికన్నా పెద్ద శత్రువు పొగాకు. సిగరెట్టయినా, బీడీ అయినా, చుట్టయినా ఒకటే. తర్వాత షుగరు, బీపీ, కొలెస్ట్రాలు, వయసు. పొగాకు బోర్డు కార్యాలయం గుంటూరులో ఉందని గొప్పగా చెప్పుకునే ప్రాంతం మనది. ఆ పొగ కాళ్లకేం చేస్తుందో కూడా చెప్పుకోవాలి.

నొప్పి వచ్చేదాకా నడక

ఆపరేషను చేస్తారేమోనని మాస్టారి భార్య దేవుడికి మొక్కుకుంది. డాక్టరు రాసిచ్చిన మందుల చీటీలో మొదటి వాక్యం చూసి ఆశ్చర్యపోయింది: 'సిగరెట్టు ఈరోజే ఆఖరు.' రెండోది ఇంకా వింత: 'నొప్పి వచ్చేదాకా నడవాలి.'

"నొప్పొస్తే నడవకూడదు కదండీ?"

"నొప్పి బాగా పెరిగేదాకా నడవాలమ్మా. ఆగాలి. తగ్గాక మళ్లీ నడవాలి. అలా అరగంట నుంచి ముప్పావుగంట. వారానికి కనీసం మూడు రోజులు. కనీసం పన్నెండు వారాలు."

అలా నడిస్తే తక్కువ నెత్తురుతో ఎక్కువ పని చేయడం కండరం నేర్చుకుంటుంది. నెత్తురు పక్కదారుల్లోంచి చేరడం కూడా మెరుగుపడవచ్చు. మన డెల్టాలో పెద్దకాలవకి అడ్డం పడితే పిల్లకాలవల్లోంచి నీళ్లు మళ్లించుకున్నట్టు. కొలెస్ట్రాలు తగ్గించే స్టాటిన్ మాత్ర, నెత్తురు గడ్డకట్టకుండా ఒక మాత్ర, బీపీ మాత్ర తోడయ్యాయి. వేన్నీళ్ల కాపడం ఆపించేశారు. నెత్తురు తక్కువున్న కాలికి చిన్న కాలుడు కూడా పుండవుతుంది. బిగుతు మేజోళ్లూ తీయించేశారు. ఉన్న కాస్త నెత్తురునీ అవి ఆపేస్తాయి.

మాత్రలు, నడకతో సరిపోనివాళ్లకి బెలూనుతో నాళం తెరుస్తారు. లేదా బైపాస్ చేస్తారు. లోకంలో మొదటి యాంజియోప్లాస్టీ గుండెకి కాదు, కాలికే జరిగింది! 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే డాక్టరు చేశారు. రోగి 82 ఏళ్ల పెద్దావిడ. పాదం కుళ్లుతోంది, తీసేయాల్సిందేనన్నారు సర్జన్లు. ఆవిడ ఒప్పుకోలేదు. డాటర్ సన్నటి గొట్టంతో తొడ దగ్గరి ధమనిని వెడల్పు చేశారు. పాదం మానింది. రెండేళ్లకు పైగా బతికి, ఆఖరిదాకా సొంత కాళ్ల మీదే నడిచిందావిడ.

మాస్టారు నడకకి రేపల్లె స్టేషను ప్లాట్‌ఫారం ఎంచుకున్నారు. రేపల్లెతో రైలు పట్టాలు ఆగిపోతాయి. బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద పెద్దగా జనం ఉండరు. మెట్టపల్లాలు లేవు. మొదటిరోజు నాలుగో దీపస్తంభం దగ్గర పిక్క పట్టేసింది. ఇంటికొచ్చి క్యాలెండరు మీద '4' అని రాసుకున్నారు. రెండో వారంలో సిగరెట్టు కోసం ప్రాణం లాగేసింది. భార్య మీద అకారణంగా అరిచారు. అరిచి, చొక్కా తొడుక్కుని స్టేషనుకెళ్లి నడిచారు. నెల తిరిగేసరికి ఆరు. ఒక వారం మళ్లీ అయిదుకి పడిపోయింది. జులైలో పదకొండు.

రెండో కాలు

కానీ బాపట్ల వెళ్లాలంటే మాత్రం ఆయనకు మనసొప్పేది కాదు. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు పక్కన కూర్చుని, తన నొప్పి సంగతి ఒక్కసారి నోరు విప్పి ఏ డాక్టరుకైనా చెప్పి ఉంటే! అసలు అంతకుముందే, 2022లోనే తనకు సంగతి తెలిసి ఉంటే, బావమరిది వేలు నల్లబడుతున్నప్పుడు 'నాడి చూడండి' అని తనే అనేవాడు కదా! భార్యతో కూడా చెప్పుకోలేని ఆలోచన అది.

ఆగస్టులో ఒకరోజు చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కారు. కొట్టు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు బావమరిది. పక్కన కృత్రిమ కాలు ఆనించి ఉంది. మాస్టారు అన్నీ చెప్పారు. పోస్టర్లు, క్యాంటీను దారి, 84 బై 140... ఏదీ దాచలేదు. వినేవాడు చాలాసేపు మాట్లాడలేదు.

"తొమ్మిది రోజులూ నొప్పితోనే తిరిగావా బావా?"

"నీ ముందు ఎలా చెప్పనురా?"

"చెప్పి ఉంటే ఇద్దరం కలిసి కుంటేవాళ్లం" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కాసేపటికి ఎడమకాలు కొంచెం ముందుకి జరిపాడు. "దీని సంగతేంటి బావా? దీన్నెవరూ చూళ్లేదు."

మాస్టారు కింద కూర్చున్నారు. కొట్టుకొచ్చినవాళ్లు చూస్తున్నా పట్టించుకోలేదు. బావమరిది పాదం ఒళ్లో పెట్టుకుని, మనవరాలు చూపించిన చోట వేళ్లు ఆనించారు. పాదం పైన నాడి అందలేదు. చీలమండ వెనకాల సన్నగా, చాలా సన్నగా తగిలింది. పాదం పైన నాడి కొందరికి పుట్టుకతోనే అందదని డాక్టరు చెప్పిన మాట గుర్తుంది. కాబట్టి వేళ్లతో తీర్పు చెప్పకూడదు. పరీక్షే చేయించాలి. ఆ వారమే ఇద్దరూ తెనాలి వెళ్లారు. బావమరిదికి వేలి దగ్గర పీడనం కొలిచారు. తక్కువగానే ఉంది. పుండు పడకముందే తెలిసింది. మందులు మొదలయ్యాయి. రోజూ రాత్రి పాదాన్ని అద్దంలో చూసుకోవడం, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవడం అలవాటయ్యాయి.

మీ ఇంట్లో యాభై దాటినవాళ్లు, అందులోనూ షుగరో పొగాకో ఉన్నవాళ్లు ఉంటే వాళ్ల పాదాలు ఒకసారి చూడండి. రెంటిలో ఒకటి చల్లగా ఉందా? రెండు వారాలైనా మానని పుండుందా? పడుకుంటే పాదం మండి, మంచం మీంచి వేలాడేస్తే హాయిగా ఉంటోందా? ఇందులో ఏ ఒక్కటున్నా 'వయసు' అని సరిపెట్టుకోవద్దు. కాలు ఉన్నట్టుండి పాలిపోయి, చల్లబడి, భరించలేని నొప్పి వస్తే అది గంటల్లో తేలాల్సిన ప్రమాదం. తెల్లారేదాకా ఆగకూడదు.

మాస్టారిప్పుడు విశ్రాంత ఉద్యోగుల సమావేశానికి వెళ్తే యోగక్షేమాలయ్యాక అడిగే ప్రశ్న ఒకటే... "నడిస్తే పిక్క పడుతోందా?" కొందరు నవ్వుతారు. ఒకరిద్దరు నవ్వరు. వాళ్లని పక్కకి తీసుకెళ్లి మేజోళ్లు విప్పమంటారు.

2024 కార్తీక పౌర్ణమి నవంబరు 15న వచ్చింది. ఆ సాయంత్రం బండి వెళ్లిపోయాక మాస్టారు ఎప్పటిలా నడక మొదలుపెట్టారు. పదకొండో స్తంభం దగ్గర పిక్క కాస్త పట్టింది. ఆగలేదు. ప్లాట్‌ఫారం చివర ఏటవాలుగా కిందికి దిగే చోట నిలబడి ఫోను తీశారు.

"ఏరా, చివరిదాకా వచ్చేశాను."

"ఆగావా?"

"ఒక్కసారి కూడా ఆగలేదు."

"అయితే అక్కడేం చేస్తున్నావు బావా? వెనక్కి నడు!"